పక్షి లేచే వేళకి మనమూ అక్కడుండాలంటే: జంటగా సముద్రతీరానికి వెళ్లేవాళ్లు బస ఎంచుకోవడం ఎలా

పెళ్లయిన రెండో ఏడు, జనవరిలో, మేమిద్దరం రాజహంసలను (ఫ్లెమింగోలను) చూడటానికి పులికాట్ బయల్దేరాం. మియాపూర్‌లో మా ఇంట్లో కూర్చుని నెల రోజులు హోటళ్ల ఫొటోలు చూసి, చివరికి చెన్నైకి దక్షిణాన సముద్రం ఒడ్డున ఒక రిసార్టులో గది తీసుకున్నాం. బాల్కనీ నుంచి అలలు కనిపిస్తాయి. గది చాలా అందంగా ఉంది. కానీ అక్కడ టిఫిన్ ఏడున్నరకి గానీ మొదలవదు. తిని, చెన్నై ట్రాఫిక్ దాటి, సూళ్లూరుపేట దగ్గర సరస్సు మీది రోడ్డెక్కేసరికి పదకొండు దాటింది. ఎండకి నీళ్ల మీద గాలి సెగలా కదులుతోంది. దూరంగా ఒక లేత గులాబీ గీత మాత్రం వణుకుతూ కనిపించింది. మా ఆయన బైనాక్యులర్ కాసేపు పట్టుకుని చూసి, ఏమీ అనకుండా నా చేతికిచ్చారు. తిరుగు దారిలో ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు.

మరుసటి ఏడు సూళ్లూరుపేటలోనే మామూలు లాడ్జిలో దిగాం. కిటికీ తీస్తే బస్సుల హారన్లు. అయితే ఐదున్నరకి బయటపడి, ఆరు కాకముందే సరస్సు మధ్యలో ఉన్నాం. ఇంకా చీకటి పూర్తిగా విడలేదు. ముందు చప్పుడే వినిపించింది, బాతుల మంద మాట్లాడుకుంటున్నట్టు. సూర్యుడు పైకొచ్చాక రోడ్డుకి దగ్గరలోనే వందల కొద్దీ రాజహంసలు, తల తలకిందులుగా నీళ్లలో పెట్టి మేస్తూ కనిపించాయి. ఒక గుంపు లేచి ఎగిరినప్పుడు రెక్కల కింది ఎరుపు ఒక్కసారిగా విచ్చుకుంది. ఆయన నా చెయ్యి పట్టుకున్న సంగతి చాలాసేపటికి గాని నాకు తెలియలేదు. ఆ రోజు గురించి ఇప్పటికీ మాట్లాడుకుంటాం.

ఆ తర్వాత తీరం వెంట చాలాసార్లు తిరిగాం. ఆఫీసులో కొత్తగా పెళ్లయినవాళ్లు, వార్షికోత్సవానికి ఎక్కడికి వెళ్లాలా అని చూస్తున్న స్నేహితులు అడుగుతుంటారు. వాళ్లకి ఏ వరసలో చెబుతానో ఇక్కడ అదే వరసలో రాస్తున్నాను.

1. ముందు ఏ జీవి కోసం వెళ్తున్నారో తేల్చుకోండి

హోటల్ యాప్ తెరవకముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సింది ఇది. "బీచ్‌కి వెళ్దాం, ఏవైనా కనిపిస్తే చూద్దాం" అనుకుని వెళ్తే బీచే మిగులుతుంది. హైదరాబాద్ నుంచి ఒక రాత్రి రైలు ప్రయాణంలో అందే చోట్లు ఇవి.

రాజహంసలు, పెలికాన్లు కావాలంటే పులికాట్, దాని పక్కనే నేలపట్టు. పులికాట్ మన దేశంలో చిలికా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. శ్రీహరికోట దీవి దానికీ బంగాళాఖాతానికీ మధ్య గోడలా ఉంటుంది. రాజహంసలు లోతు తక్కువ నీళ్లలోనే నిలబడి మేస్తాయి. అందుకే నవంబరులో భారీ వర్షాలు పడి సరస్సు నిండిపోతే అవి రోడ్డుకి దూరంగా వెళ్లిపోతాయి. నీళ్లు కాస్త తగ్గిన జనవరి, ఫిబ్రవరి నెలలు నా లెక్కలో మేలు. నేలపట్టులో పెలికాన్లు, మన గూడబాతులు, నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. మేతకి పులికాట్ దాకా వెళ్లొస్తాయి.

మడ అడవి, నీటికుక్కలు, బురద మీద తిరిగే పక్షులు కావాలంటే కాకినాడ పక్కన కోరింగ. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. చేపలు పట్టే బావురుపిల్లి అనే అడవిపిల్లి ఇక్కడ ఉంటుంది. అది రాత్రిపూట తిరిగే జీవి కాబట్టి కనిపిస్తుందన్న ఆశతో వెళ్లకండి. నీటికుక్కల గుంపు కనిపించే అవకాశం ఉంది. చలికాలంలో గోదావరి మొగ, అంటే నది సముద్రంలో కలిసే చోటు, దగ్గరికి ఇండియన్ స్కిమ్మర్ అనే పక్షి వస్తుంది. దాని కింది ముక్కు పై ముక్కు కంటే పొడుగు. నీటిని గీసుకుంటూ ఎగిరి చేపను పట్టుకుంటుంది. దీన్ని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో పక్షి ప్రేమికులు కాకినాడ వస్తారు.

డాల్ఫిన్లు కావాలంటే ఒడిశాలోని చిలికా. అక్కడ ఉండేది ఇరావడీ డాల్ఫిన్, గుండ్రని తల, ముక్కు పొడుచుకు రాదు. మొత్తం సరస్సులో 150 దరిదాపుల్లోనే ఉన్నాయి. అదే సరస్సు ఉత్తరపు అంచున మంగళజోడి అనే ఊరు. ఒకప్పుడు పక్షులను వేటాడి అమ్ముకున్న ఊరది. ఆ కుటుంబాల వాళ్లే తర్వాత వేట మాని కాపలాదారులయ్యారు, ఇప్పుడు పడవల్లో మనకి పక్షులను చూపిస్తున్నారు. నేను చూసిన తీరాలన్నింటిలో నా మనసు నిలిచిపోయిన చోటు అదే.

తాబేళ్లు కావాలంటే ఫిబ్రవరి, మార్చిలో ఒడిశా గంజాం జిల్లాలోని ఋషికుల్య నది మొగ. 2023లోనూ 2025లోనూ అక్కడ 6 లక్షలకు పైగా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టాయి. కొన్నేళ్లు మాత్రం గుంపుగా రానే రావు. అంత దూరం వెళ్లలేకపోతే విశాఖ, బాపట్ల సూర్యలంక తీరాల్లో అటవీశాఖ వాళ్లు గుడ్లను హేచరీల్లో కాపాడి పిల్లలను సముద్రంలోకి వదులుతుంటారు. చిన్న పిల్ల తాబేలు తడి ఇసుక మీద కదులుతూ మొదటి అలను అందుకోవడం ఇద్దరూ కలిసి చూడదగ్గది.

శ్రీకాకుళం జిల్లాలో టెక్కలికి దగ్గరలోని తేలినీలాపురం గురించి కూడా చెప్పాలి. అక్కడ పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్ అనే కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్లు కడతాయి. కొల్లేరు ఒడ్డున కైకలూరు దగ్గరి ఆటపాక కూడా పెలికాన్లకి పేరున్నదే, కాకపోతే అది సముద్రతీరం కాదు, మంచినీటి సరస్సు.

రెండు మూడు చోట్లు ఒకే ట్రిప్పులో కలపకండి. రోజంతా కారులో గడుస్తుంది.

2. ఆ జీవి ఏ వేళకి కనిపిస్తుందో తెలుసుకోండి

ఇక్కడే ఎక్కువ మంది పొరపడతారు. అన్నింటికీ తెల్లవారుజామే అనుకుంటారు. ఒక్కోదానిది ఒక్కో వేళ, మీరు దిగాల్సిన ఊరిని నిర్ణయించేది ఆ వేళే.

పులికాట్ రాజహంసలకి సూర్యోదయం నుంచి తొమ్మిది వరకు. ఎండెక్కితే నీటి మీది సెగ వల్ల బైనాక్యులర్‌లోనూ స్పష్టంగా కనిపించవు. నేలపట్టుకి సాయంత్రం వెళ్లండి. మేతకి పోయిన పెలికాన్లు గూళ్లకి తిరిగొచ్చే వేళ అది. లోపలికి ఎప్పటిదాకా పంపుతారో ముందే కనుక్కోండి.

కోరింగలో గడియారం కంటే పోటు ముఖ్యం. మన తూర్పు తీరంలో రోజుకి రెండు పోట్లు (నీళ్లు ఎక్కడం), రెండు పాట్లు (నీళ్లు తగ్గడం). సుమారు ఆరేసి గంటల తేడాతో ఒకటి తర్వాత ఒకటి వస్తాయి. రోజు రోజుకీ 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ ఉంటాయి. నీళ్లు వెనక్కి తీసినప్పుడు బురద బయటపడి, అందులోని పురుగుల కోసం పక్షులు దిగుతాయి. మడ చెట్ల శ్వాస వేర్లు, బురద మీద గెంతే చేపలు, రంగు రంగుల పీతలు కనిపించేదీ అప్పుడే. పడవ పాయల్లోకి లోతుగా వెళ్లాలంటే మాత్రం పోటు ఉండాలి. అందుకని మీ తేదీలకి కాకినాడ పోటు వేళలు నెట్‌లో చూసుకుని, పాటులో నడక, పోటులో పడవ అని రోజును రెండుగా పంచుకోండి. మడ అడవిలోని చెక్క వంతెన గేటు తెల్లవారకముందే తెరుస్తారనుకోవద్దు. తెల్లవారుజామున చూడాలనుకుంటే కాకినాడలోనే కుంభాభిషేకం రేవు వైపు పక్షులు దిగే బురద దిబ్బలున్నాయి.

చిలికాలో మంగళజోడికి తెల్లవారుజాము తప్పనిసరి. అక్కడ ఇంజన్ పడవలుండవు, గెడ వేసి నడుపుతారు. చప్పుడు లేకుండా వెళ్తుంటే పక్షులు నాలుగు బారల దూరంలో మేస్తూనే ఉంటాయి. డాల్ఫిన్ల కోసం పడవలెక్కే సాతపడా దగ్గరైతే పొద్దున్న గాలి లేవకముందు వెళ్లాలి. నీళ్లు నిలకడగా ఉంటేనే వాటి వీపు పైకి తేలినప్పుడు కంటికి ఆనుతుంది.

తాబేళ్లు గుడ్లు పెట్టేది రాత్రి. పిల్లలు బయటికొచ్చేది ఆ తర్వాత 45 నుంచి 60 రోజులకి, ఎక్కువగా రాత్రి, తెల్లవారుజామున.

3. మ్యాప్‌లో రేవు పెట్టి, చుట్టూ అరగంట గీయండి

ఇప్పుడు ఫోన్‌లో మ్యాప్ తెరవండి. హోటల్‌ని వెతకవద్దు. పడవ ఎక్కే రేవునో, పక్షులు కనిపించే రోడ్డునో పెట్టి, అక్కడి నుంచి కారులో అరగంట లోపు ఏమేం ఉన్నాయో చూడండి. గది ఆ గీత లోపలే ఉండాలి. నేను పట్టుబట్టే నియమం ఇదొక్కటే. అరగంట దాటితే నాలుగున్నరకి లేవాల్సి వస్తుంది. మొదటి రోజు ఉత్సాహంగానే లేస్తారు. రెండో రోజు "ఇవాళ వద్దులే" అంటారు. ఆ రెండో రోజే బాగా కనిపించి ఉండేది.

పులికాట్‌కి: సూళ్లూరుపేట. అందమైన ఊరేమీ కాదు, గదులు సాదాగా ఉంటాయి. అయినా నేను మళ్లీ అక్కడే దిగుతాను. హైదరాబాద్ నుంచి చెన్నై వైపు వెళ్లే రాత్రి రైళ్లలో గూడూరులోనో నెల్లూరులోనో దిగి కారు మాట్లాడుకోవచ్చు. కొంచెం మంచి హోటల్ కావాలనుకుంటే మొదటి రాత్రి సూళ్లూరుపేటలో గడిపి, పక్షులను చూసేశాక రెండో రాత్రికి నెల్లూరు మారండి. నెల్లూరు చేపల పులుసు, శుభ్రమైన మంచం, మధ్యాహ్నం దాకా నిద్ర. ఈ విభజన చాలా జంటలకి నచ్చింది. ఒక జాగ్రత్త: శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లో ఇక్కడ గదులు దొరకడం కష్టం, రోడ్డు మీద ఆంక్షలూ ఉంటాయి. మీకు రెండూ కావాలనిపిస్తే చాలా ముందుగా బుక్ చేసుకోండి.

కోరింగకి: కాకినాడ నగరం. లింగంపల్లి నుంచి గౌతమి ఎక్స్‌ప్రెస్ రాత్రి ఎక్కితే పొద్దున్నకి కాకినాడలో ఉంటారు. అక్కడి నుంచి కోరింగ యానాం రోడ్డు మీద 20 కిలోమీటర్ల లోపే. కొందరు కోనసీమలో దిండి హౌస్‌బోట్లు చూసి మనసు పడి, అక్కడ దిగి కోరింగ వెళ్దామనుకుంటారు. దిండి చాలా బాగుంటుంది, కాని అది గోదావరి ఇంకో పాయ మీద, కోరింగకి రెండు గంటల పైన. దిండి కోసం దిండికే వెళ్లండి. యానాం కోరింగకి దగ్గరే, గోదావరి ఒడ్డున సాయంత్రం నడక బాగుంటుంది. కాకినాడలో గది తీసుకునేటప్పుడు మెయిన్ రోడ్డు సందడికి దూరంగా, బీచ్ రోడ్డు వైపు ఉందేమో చూడండి.

చిలికాకి: ఇక్కడ తప్పు గది తీసుకుంటే రోజు మొత్తం పోతుంది, ఎందుకంటే సరస్సు అంత పెద్దది. పూరిలో జగన్నాథుడి దర్శనం చేసుకుని, అక్కడే ఉండి "చిలికా చూసొద్దాం" అనుకునేవాళ్లు చాలామంది. పూరి నుంచి సాతపడా 50 కిలోమీటర్లు, డాల్ఫిన్లకి సరిపోతుంది. అదే పూరి నుంచి మంగళజోడి సరస్సుకి పూర్తిగా ఇంకో పక్క, తెల్లవారుజామున చేరలేరు. మంగళజోడి కోసమైతే ఖుర్దా రోడ్ స్టేషన్‌లో దిగి కారులో వెళ్లి, ఆ ఊళ్లోనే గ్రామస్తులు నడిపే కాటేజీల్లో ఉండండి. గది చిన్నది, భోజనం ఇంటిది, తలుపు తీస్తే గడ్డి వాసన. దక్షిణాన రంభ, పడమట బార్కుల్ దగ్గర ఒడిశా పర్యాటక శాఖ అతిథిగృహాలైన పాంథనివాస్‌లు సరస్సు ఒడ్డునే ఉన్నాయి. నీళ్ల మీద సూర్యాస్తమయం చూస్తూ కూర్చోవాలనుకునేవాళ్లకి అవి నప్పుతాయి. సికింద్రాబాద్ నుంచి వెళ్లే విశాఖ ఎక్స్‌ప్రెస్, ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఈ దారినే పోతాయి. మీ రైలుకి బార్కుల్ దగ్గరి స్టేషన్ బాలుగావ్‌లో స్టాపు ఉందో లేదో టికెట్ తీసేటప్పుడే చూసుకోండి.

ఋషికుల్యకి: గోపాల్‌పూర్ లేదా ఛత్రపూర్. గోపాల్‌పూర్ పాత సముద్రతీర పట్టణం, జంటగా తిరగడానికి ప్రశాంతంగా ఉంటుంది. మొగ దగ్గరికి అరగంటకి మించే పడుతుంది కాబట్టి నా నియమం ఇక్కడ కొంచెం సడలుతుంది. వెళ్లేది రాత్రి గనక, ట్రాఫిక్ ఉండదు గనక ఇబ్బంది లేదు. అయితే రాత్రి రెండింటికి తిరిగొచ్చినా గేటు తీస్తారో లేదో అడగండి. బరంపురం చుట్టుపక్కల తెలుగు మాట్లాడేవాళ్లు చాలామందే ఉంటారు, భాషకి టెన్షన్ పడొద్దు.

విశాఖ, సూర్యలంక గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. విశాఖలో ఋషికొండ వైపు గది తీసుకోండి. సూర్యలంకలో ఏపీ టూరిజం హరిత రిసార్టు బీచ్ పక్కనే ఉంది, శని ఆదివారాలు మాత్రం జనం విపరీతం.

4. బుక్ చేసే ముందు ఫోన్ చేయండి, ఈ సంగతులు అడగండి

యాప్‌లో రేటింగ్ ఇచ్చేవాళ్లు పక్షుల కోసం వచ్చినవాళ్లు కారు. వాళ్లకి పనీర్ ఎలా ఉందన్నది ముఖ్యం, మీకు ఐదింటికి గేటు తెరుచుకోవడం ముఖ్యం. అందుకని నేరుగా రిసెప్షన్‌కే ఫోన్ చేయండి.

మొదట అడగాల్సింది, "పొద్దున్నే ఐదింటికి బయటికి వెళ్లాలి, గేటు దగ్గర ఎవరైనా ఉంటారా?" చాలా చోట్ల వాచ్‌మన్ తాళం వేసి పడుకుంటాడు. రెండోది, ఆ వేళకి టీ అయినా దొరుకుతుందా, లేకపోతే రాత్రే ఫ్లాస్కులో పోసిస్తారా, టిఫిన్ పొట్లం కట్టిస్తారా అని. ఒడిశాలో ఒక హోటల్లో మాకు బ్రెడ్డు, ఉడికించిన గుడ్లు, రెండు అరటిపళ్లు కాగితంలో చుట్టి ఇచ్చారు. పడవలో కూర్చుని తిన్న ఆ గుడ్ల రుచి ఏ బఫేలోనూ దొరకలేదు.

మూడోది చప్పుడు. హోటల్‌కి ఫంక్షన్ హాల్ ఉందా, మీ తేదీల్లో పెళ్లి ఉందా అని సూటిగా అడగండి. మాఘమాసం ముహూర్తాలు, పక్షుల సీజన్ ఒకేసారి వస్తాయి. ఒకసారి మేం దిగిన చోట రాత్రి రెండింటి దాకా డీజే మోగింది. నాలుగున్నరకి అలారం మోగితే ఇద్దరికీ లేవబుద్ధి కాలేదు. ఏడాదంతా ఎదురుచూసిన ఒక ఉదయం అలా పోయింది. ఆ బాధ నాకింకా ఉంది.

నాలుగోది దోమలు. మడ అడవి పక్కన, సరస్సు పక్కన కిటికీలకి జాలీ లేకపోతే సాయంత్రం బాల్కనీలో కూర్చోలేరు. దోమతెర ఇస్తారా అడగండి, ఎలాగూ ఓడోమాస్ మీ సంచిలో ఉండాలి.

గీజరు సంగతి, జనరేటర్ సంగతి అందరూ అడిగేవే. డ్రైవర్‌తో వెళ్తుంటే అతనికి పడుకునే చోటు ఉందా అని కూడా అడగండి. రాత్రంతా కారులో ముడుచుకుని పడుకున్న మనిషిని తెల్లవారుజామున పొగమంచులో హైవే మీద బండి నడపమనడం మనకీ క్షేమం కాదు, అతనికీ న్యాయం కాదు.

చివరిగా పడవ. "పడవ మేమే ఏర్పాటు చేస్తాం" అని హోటల్‌వాళ్లంటే, ఎక్కడి నుంచి, ఎన్నింటికి, మీ ఇద్దరికేనా లేక పది మందితోనా అని విడమరిచి అడగండి. జంటగా వెళ్లినప్పుడు పడవ మాత్రం విడిగా తీసుకోండి. గదిలో ఒక మెట్టు తగ్గినా పర్వాలేదు, ఆ డబ్బు పడవకి పెట్టండి. లైఫ్ జాకెట్లు తప్పకుండా ఉండాలి, ఈత వచ్చినా వేసుకోవాలి.

5. బీచ్ వైపు లైట్లు ఆర్పే హోటల్‌ని ఎంచుకోండి

తాబేళ్ల కోసం వెళ్లేవాళ్లు ఈ ముక్క దయచేసి పూర్తిగా చదవండి.

గుడ్డులోంచి వచ్చిన పిల్ల తాబేలుకి సముద్రం ఎటుందో ఎవరూ చెప్పరు. రాత్రి ఒడ్డు కంటే నీటి వైపు ఆకాశం కాస్త వెలుతురుగా ఉంటుంది. ఆ వెలుతురు వైపు నడుస్తుంది, అంతే. వెనక హోటల్ ఫ్లడ్ లైట్లు వెలుగుతుంటే అది సముద్రానికి వీపు తిప్పి రోడ్డు వైపు వస్తుంది. తెల్లారాక ఎండకో, కుక్కలకో, కాకులకో, బండి చక్రాలకో బలవుతుంది. తల్లి తాబేలు కూడా వెలుతురు, అలికిడి ఉంటే గుడ్లు పెట్టకుండానే వెనక్కి మళ్లుతుంది. ఒక్కో తల్లి సుమారు 100 గుడ్లు పెడుతుంది. వాటిలో పెద్దయ్యేవి అతి కొద్ది.

"సముద్రం కనిపించే గది, రాత్రి బీచ్ అంతా లైట్లతో కళకళ" అని ఉన్న ప్రకటన చూస్తే జనవరి నుంచి మే వరకు ఆ గది వద్దనుకోండి. ఫోన్ చేసినప్పుడు "తాబేళ్ల సీజన్‌లో బీచ్ లైట్లు ఆర్పేస్తారా?" అని అడగండి. ఆర్పడం కుదరదన్నా, అలా అడిగేవాళ్లున్నారని వాళ్లకి తెలుస్తుంది. పది మంది అడిగితే వచ్చే ఏడాదైనా ఆర్పుతారేమో. మీ గదిలోనూ రాత్రి పరదాలు వేయండి, బాల్కనీ లైటు తీసేయండి. చీకటి బాల్కనీలో ఇద్దరు కూర్చుంటే కళ్లు అలవాటు పడ్డాక అలల అంచు తెల్లగా కనిపిస్తుంది, ఆకాశం నిండా నక్షత్రాలు కనిపిస్తాయి. హైదరాబాద్‌లో మనకి దొరకనిది అదే కదా.

ఇసుక మీదికి వెళ్తే ఫోన్ ఫ్లాష్ వాడకండి. అటవీశాఖ సిబ్బంది, ఊరి యువకులు చెప్పిన చోటే నిలబడండి. ఆలివ్ రిడ్లే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. ఎత్తుకుని సెల్ఫీ దిగడం నేరం. నేరం అనే కాదు, అది చేయకూడని పని.

6. తేదీలు

సంక్రాంతి వారం వద్దు. రైలు టికెట్లు దొరకవు, గోదావరి జిల్లాల్లో కోడిపందాలకి వచ్చినవాళ్లతో గదులన్నీ నిండిపోతాయి. కార్తీక పౌర్ణమికి సూర్యలంక, కాకినాడ తీరాల్లో సముద్ర స్నానాల జనం. పుష్య అమావాస్యని మన కాకినాడవాళ్లు చొల్లంగి అమావాస్య అంటారు. ఆ రోజు చొల్లంగి తీర్థం, అది సరిగ్గా కోరింగ వెళ్లే దారిలోనే. స్నానం కోసమే వెళ్తే సంతోషంగా వెళ్లండి, పక్షుల కోసమైతే ఇంకో రోజు చూసుకోండి. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ జరిగే రోజులూ అంతే. పిల్లలున్న కుటుంబాలకి చాలా బాగుంటుంది, ఏకాంతం కోరుకునే జంటకి కాదు.

అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా తుపాన్ల కాలం. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర, హుద్‌హుద్ 2014లో సరిగ్గా అదే తేదీన విశాఖ దగ్గర, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర, మిచౌంగ్ 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటాయి. ఈ నెలల్లో వెళ్లాలంటే డబ్బు వెనక్కి వచ్చే బుకింగే తీసుకోండి. కాస్త ఎక్కువైనా సరే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. సముద్రపు చేప తాజాగా అంత తేలిగ్గా దొరకదు. భోజనప్రియులు ఈ సంగతి గుర్తుంచుకోండి.

7. ఇద్దరి కోసం ఆలోచించండి

ప్రతి జంటలోనూ ఒకరికే ఈ పిచ్చి ఎక్కువ ఉంటుంది. మా ఇంట్లో అది నేను. ఆయనకి పక్షులంటే ఇష్టమే, కాని రోజుకి మూడు గంటలు చాలు. ఈ తేడాని ముందే ఒప్పుకుని బస ఎంచుకుంటే ఇద్దరూ హాయిగా ఉంటారు. అలా కాకుండా "నేను చెప్పినట్టు రా" అంటే రెండో రోజుకే ముఖాలు మాడతాయి.

అందుకని రోజులో పొద్దున్న మూడు గంటలు జీవుల కోసం, సాయంత్రం ఒకటో రెండో గంటలు. మధ్యలోదంతా ఇద్దరి కోసం. ఆ మధ్యాహ్నాలు గదిలోనే గడుస్తాయి గనక నేను గదిలో చూసేది రెండే: ఇద్దరు పక్కపక్కన కూర్చోగల చిన్న బాల్కనీ లేదా వరండా, మంచి మంచం. స్విమ్మింగ్ పూల్, జాకుజీ ఉంటే ఉండనివ్వండి, వాటి కోసం దూరం వెళ్లొద్దు. కాకినాడలో అయితే మధ్యాహ్నం సుబ్బయ్య గారి హోటల్లో భోజనం చేసి, కాజాలు కొనుక్కుని వచ్చి పడుకుంటే సాయంత్రం నాలుగింటి వరకు మాటే ఉండదు.

కనీసం రెండు రాత్రులు ఒకే చోట ఉండండి. ఒక ఉదయం మబ్బు పట్టినా రెండోది మిగులుతుంది.

బైనాక్యులర్లు రెండు పట్టుకెళ్లండి. ఎనిమిది రెట్లు చూపించేవి చాలు, చేతిలో కదలవు. ఒక్కటే ఉంటే ఒకరు చూస్తున్నప్పుడు ఇంకొకరు "ఎక్కడ, ఎక్కడ" అని అడుగుతూనే ఉంటారు, ఈలోపు నీటికుక్క మునిగిపోతుంది.

ఇద్దరి ఆధార్ కార్డులూ దగ్గరుండాలి. పెళ్లి కాని జంటలు ఒక గదిలో ఉండకూడదన్న చట్టమేదీ లేదు. అయినా చిన్న ఊళ్ల లాడ్జిల్లో కొందరు ఒప్పుకోరు. రాత్రిపూట రిసెప్షన్ దగ్గర నిలబడి వాదించుకునే పరిస్థితి రాకుండా ఫోన్‌లోనే అడిగేయండి.

8. మొదటిసారి వెళ్లేవాళ్లకి ఒక నమూనా

నేనైతే కోరింగతో మొదలుపెట్టమంటాను. గురువారం రాత్రి గౌతమి. శుక్రవారం పొద్దున్న కాకినాడలో దిగి, స్నానం, టిఫిన్, నిద్ర. ఆ రోజు పాటు ఎన్నింటికో చూసుకుని ఆ వేళకి మడ అడవిలో చెక్క వంతెన మీద నడక. తొందరపడకండి, ఒక్క చోట పావుగంట కదలకుండా నిలబడితే పీతలు బొరియల్లోంచి బయటికొస్తాయి. శనివారం తెల్లవారుజామున కుంభాభిషేకం వైపు బురద దిబ్బలు, మధ్యాహ్నం విశ్రాంతి, పోటు వేళకి పడవ. ఆదివారం పొద్దున్న మీకు మొదటి రెండు రోజుల్లో ఏది బాగా నచ్చిందో అదే మళ్లీ. సాయంత్రం రైలు.

బయల్దేరే ముందు రోజు మూడు ఫోన్లు చేయాలి. హోటల్‌కి, ఐదింటి గేటు సంగతి మళ్లీ గుర్తుచేస్తూ. అటవీశాఖ టికెట్ కౌంటర్‌కి, పడవలు తిరుగుతున్నాయా అని. కారు డ్రైవర్‌కి, ఎన్నింటికి రావాలో చెబుతూ. ఆ ముగ్గురి నంబర్లూ ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి. అలారం కూడా ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి, ఐదు నిమిషాల తేడాతో.